చేపకు కాదు... నీళ్లకు జబ్బు!

రాత్రి పదకొండు దాటింది. హాల్లో లైటు ఆర్పబోతుంటే చేపల తొట్టె ముందు నేలమీద కూర్చున్న మా అమ్మాయి కనిపించింది. ఎనిమిదేళ్ల పిల్ల. అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది.

"ఏంటే, ఇంకా పడుకోలేదూ?"

"అమ్మా, ఇది పైకొచ్చి నోరు తెరుస్తోంది. కిందికి పోవట్లేదు."

దగ్గరికెళ్లి చూశాను. నిజమే! మనిషి నీడ పడితే చాలు, మేత కోసం తోకాడిస్తూ పరుగెత్తుకొచ్చే గోల్డ్‌ఫిష్ ఆ రాత్రి ఒక మూల నీటి అంచున నిలబడిపోయింది. గుటకలు వేస్తున్నట్టు నోరు తెరుస్తోంది, మూస్తోంది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. తోకమీద సన్నటి ఎర్రటి చారలు.

"పొద్దున్నకి సర్దుకుంటుందిలే. పోయి పడుకో" అన్నాను.

అది కదల్లేదు. "ఈసారి మార్చొద్దమ్మా" అంది మెల్లగా.

నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే, అంతకు ముందు ఏడాది దాని పుట్టినరోజుకు గుండ్రటి గాజు గిన్నెలో ఓ చేపను తెచ్చి ఇచ్చాం. నెల తిరక్కుండానే అది చచ్చిపోయింది. పిల్ల బడి నుంచి వచ్చేలోగా అదే రంగు, అదే సైజు చేపను కొనుక్కొచ్చి గిన్నెలో వేసేశాం. అది గమనించలేదనే అనుకున్నాం. కానీ, పాత చేపకు తోక మొదట్లో నల్లమచ్చ ఉండేదట. కొత్తదానికి లేదని ఆ సాయంత్రమే చూసిందట. మేమే చెబుతామేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూసింది!

చిన్న చేపే. ఖరీదు వందలోపే. కానీ ఆ రాత్రి దాన్ని బతికించకపోతే పిల్ల దగ్గర నా మాటకు ఉన్న విలువ కూడా పోతుందనిపించింది.

కడియంలో దొరికిన వైద్యం

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. చేపలమ్మే షాపుకు ఫోన్ చేస్తే "నీలం మందు పది చుక్కలు వేయండి" అన్నారు. వేశాను. తెల్లారేసరికి నీళ్లు నీలమయ్యాయి. చేప పరిస్థితి మాత్రం మారలేదు. మా ఆఫీసులో ఒకాయన "కడియం నర్సరీల్లో తామర తొట్టెల్లో చేపలు పెంచుతుంటారు, అక్కడ అడిగి చూడండి" అన్నారు. రాజమండ్రి నుంచి పది పన్నెండు కిలోమీటర్లేగా! ఆదివారం పొద్దున్నే పిల్లను తీసుకుని బయల్దేరాను.

కడియపులంక దారి గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది? హైవేకి అటూ ఇటూ, కాలువ గట్టు పొడవునా మొక్కలే. వానాకాలం కావడంతో లారీల్లోకి అంట్లు ఎక్కించేవాళ్ల హడావుడి. ఓ నర్సరీలో లోపలగా వరసగా సిమెంటు తొట్టెలు. వాటిలో తామరలు, కలువలు. ఆకుల కింద దోమల పిల్లల్ని తినడానికి వదిలిన చిన్నచిన్న గప్పీలు. ఓ పెద్ద తొట్టెలో మాత్రం మూడు గోల్డ్‌ఫిష్‌లు. ఒక్కోటీ నా అరచేతి కన్నా పెద్దవి. మోటారు లేదు, రంగురాళ్లు లేవు, లైటు లేదు. అయినా మూడూ ఉషారుగా తిరుగుతున్నాయి!

అక్కడ కలుపు తీస్తున్న ఓ పెద్దాయన్ని అడిగాను.

"బాబాయ్, మా చేపకు ఒంట్లో బాలేదు. మీరేం మందు వేస్తారు?"

ఆయన చెయ్యి కడుక్కుంటూ నవ్వారు. "మందేంటండీ అమ్మా! నీళ్లెప్పుడు మార్చేరు?"

"మొన్ననే. మొత్తం తీసేసి, రాళ్లన్నీ కడిగి, ఫిల్టరు కూడా కుళాయి కింద శుభ్రంగా పిండి..."

"అదేనండీ! గోదారికి ఎర్రనీరొచ్చింది కదా, కుళాయి నీళ్లు మందు వాసనేత్తన్నాయి. ఆ నీళ్లు తిన్నగా పోసేసేరు." కాస్త ఆగి పక్కనే ఉన్న కుండీ చూపించారు. "మొక్కకి ఆకు పండిందనుకోండి, మేం ఆకుని చూడం. కుండీ దింపి ఏరు చూత్తాం. మీరేమో చేపని చూత్తన్నారు. నీళ్లు చూడండి."

ఆ ఒక్కమాటలో సగం వైద్యం ఉంది. తర్వాత నేను పుస్తకాలు తిరగేసినా తెలిసింది అదే. ఇంట్లో పెంచే గోల్డ్‌ఫిష్ జబ్బుల్లో ఎక్కువ వాటికి మూలం సూక్ష్మజీవి కాదు, నీళ్లు. నీళ్లు చెడితే చేప నీరసిస్తుంది. నీరసించిన చేపమీద, ఎప్పుడూ నీటిలో ఉండే బ్యాక్టీరియా, బూజు, పరాన్నజీవులు దాడి చేస్తాయి. మనకు కనిపించేది ఆఖరిదే. మందు వేసేదీ దానికే!

కనిపించని విషం

చేప ఉచ్ఛ్వాస నిశ్వాసాలు మొప్పలతోనే. ఒంట్లోని వ్యర్థాన్ని అమోనియా రూపంలో బయటికి పంపేది కూడా ఎక్కువగా మొప్పలతోనే. చెరువులో అయితే ఆ అమోనియా అంత నీళ్లలో కలిసి పలచబడిపోతుంది. ఐదు లీటర్ల గిన్నెలో ఎక్కడికి పోతుంది? అక్కడే పేరుకుంటుంది. దానికి రంగుండదు. అద్దంలా తళతళలాడే నీళ్లలో కూడా చేపను చంపేంత అమోనియా ఉండొచ్చు.

దీనికి ప్రకృతి ఓ ఏర్పాటు చేసింది. ఫిల్టరు స్పాంజిలో, రాళ్లమీద, మట్టిలో కాపురముండే మంచి బ్యాక్టీరియా అమోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం కొంతవరకూ ఫర్వాలేదు. మిగిలింది మొక్కలు పీల్చుకుంటాయి, లేదా మనం నీళ్లు మార్చినప్పుడు పోతుంది. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్తగా కొన్న చేపలు మొదటి నెలలోనే ఎందుకు చచ్చిపోతాయో ఇప్పుడు అర్థమైందా?

కడియం తొట్టెలో ఒండ్రుమట్టి ఉంది, తామర వేళ్లున్నాయి, వందల లీటర్ల నీళ్లున్నాయి, గాలి తగిలే వెడల్పైన మూతి ఉంది. మా ఇంట్లో? శుభ్రం పేరుతో ఆ మంచి బ్యాక్టీరియాను నేనే కుళాయి కింద కడిగేశాను. మిగిలిందాన్ని క్లోరిన్ చంపేసింది. ఆ పైన నీలం మందు!

నిజానికి గోల్డ్‌ఫిష్ గాజు గిన్నెలో పుట్టిన చేప కాదు. వెయ్యేళ్ల కిందట చైనాలో చెరువుల్లోని ఓ మామూలు చేపలో ఎర్రటి రంగువి కనిపిస్తే వేరుచేసి పెంచడంతో ఈ జాతి మొదలైంది. తర్వాత పెద్దపెద్ద పింగాణీ తొట్టెల్లో పెంచారు. మన బొచ్చె, శీలావతి చేపలకు ఇది దగ్గరి చుట్టమే. సరిగా చూసుకుంటే పదేళ్లు, పదిహేనేళ్లు సునాయాసంగా బతుకుతుంది. ఇంగ్లండ్‌లో ఓ కుటుంబం పెంచిన 'టిష్' అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో కన్నుమూసింది. మనమేమో ఆర్నెల్లు బతికితే గొప్ప అనుకుంటున్నాం!

ముందు ఈ ఐదు పనులు చేయండి

చేప డల్‌గా కనిపించిన వెంటనే, ఏ జబ్బో తెలియకపోయినా సరే, ఇవి చేయొచ్చు. హాని ఉండదు.

1. మేత ఆపేయండి. పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు. తినని మేత కుళ్లితే మళ్లీ అమోనియానే.

2. మూడోవంతు నీళ్లు మార్చండి. మొత్తం కాదు! కొత్త నీళ్లు ముందురోజే వెడల్పాటి బకెట్లో పట్టి మూత లేకుండా ఉంచినవై ఉండాలి. తొందరగా కావాలంటే షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు (సోడియం థయోసల్ఫేట్) సీసామీద రాసిన కొలత ప్రకారం కలపండి. పాత నీళ్ల వేడి, కొత్త నీళ్ల వేడి ఒకేలా ఉండాలి. మర్నాడు మళ్లీ మూడోవంతు మార్చండి.

3. గాలి అందించండి. ఎయిర్ పంపు ఉంటే ఆపకండి. కరెంటు పోతే చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మెల్లగా పోస్తూ ఉండండి.

4. ఫిల్టరును ముట్టుకోకండి. తప్పనిసరైతే తొట్టెలో నుంచి తీసిన నీళ్లలోనే ఓసారి ముంచి తీయండి. కుళాయి కింద కడగొద్దు.

5. కొలవండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. టెస్ట్ కిట్లు చేపల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన గోదావరి జిల్లాల వాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. భీమవరం లాంటి చోట్ల రొయ్యలు, చేపల రైతుల కోసం నడిచే ఆక్వా ల్యాబుల్లో నీటిపరీక్షలు రోజూ చేసే పనే. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టుకెళ్లి అడిగి చూడండి.

చాలాసార్లు వైద్యం ఇక్కడితో అయిపోతుంది. మూడు నాలుగు రోజుల్లో చేప తేరుకుంటే సమస్య నీళ్లదే అన్నమాట.

ఏ గుర్తు... ఏ జబ్బు?

నీళ్లు బాగున్నా చేప తేరుకోకపోతే అప్పుడు దాని ఒళ్లు చూడాలి. మేత వేసేటప్పుడు రోజూ రెండు నిమిషాలు చూసే అలవాటుంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఒంటినిండా తెల్లటి రవ్వ చల్లినట్టు: ఇది తెల్లమచ్చల జబ్బు. దుకాణాల్లో 'ఇక్' అంటారు. ఒంటికణంలాంటి ఓ పరాన్నజీవి చర్మం కింద దూరి పెరుగుతుంది. పెరిగాక రాలి తొట్టె అడుగున పడి వందల పిల్లలుగా చీలుతుంది. అవి ఈదుకుంటూ మళ్లీ చేపను వెతుక్కుంటాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశలో మాత్రమే. అందుకే మచ్చలు మాయం కాగానే వైద్యం ఆపేస్తే వారంలో మళ్లీ వస్తుంది. పది నుంచి పద్నాలుగు రోజులు ఆపకుండా చేయాలి. ఉప్పు వైద్యం దీనికి బాగా పనిచేస్తుంది. ఆ పద్ధతి కింద చెబుతాను.

ఒక్క జాగ్రత్త! తెల్లచుక్కలు మొప్పల మూతలమీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరసగా ఉండి, చేప హుషారుగా తిరుగుతుంటే అది జబ్బు కాదు. మగ చేప ఈడుకొచ్చిందని గుర్తు! దానికి మందు వేసి చంపుకున్నవాళ్లున్నారు.

తోక, రెక్కలు చిరిగి అంచు తెల్లబడితే: రెక్కల కుళ్లు. బ్యాక్టీరియా పని. కానీ దాన్ని పిలిచింది మాత్రం చెడ్డ నీళ్లే. మొదట్లోనే పట్టుకుంటే నీళ్ల మార్పు, ఉప్పుతో తగ్గిపోతుంది. రెక్క మొదలుదాకా తినేయకపోతే మళ్లీ మొలుస్తుంది. కొత్తగా వచ్చే అంచు రంగు లేకుండా గాజులా ఉంటుంది. అది చూసి కంగారు పడొద్దు.

ఎర్రటి చారలు: తోకలోని నరాలు ఎర్రగా కనిపిస్తే ముందుగా అమోనియా, నైట్రైట్ చూడాలి. మా చేపకు వచ్చింది ఇదే. నీళ్లు బాగుపడ్డాక కొన్నిచోట్ల చర్మం నల్లబడొచ్చు. చాలాసార్లు అది మానుతున్న గాయం గుర్తే.

దూదిలా తెల్లటి పింజలు: బూజు. దెబ్బ తగిలినచోటే పడుతుంది. గరుకు రాళ్లు, ప్లాస్టిక్ బొమ్మలు తీసేయండి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు దీనికి పనికొస్తుంది. కానీ అది ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాను, మొక్కలను దెబ్బతీస్తుంది. కాబట్టి వేరే టబ్బులోనే వాడాలి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

తలకిందులుగా తేలితే: పొట్ట గుండ్రంగా ఉండే రకాల్లో ఇది ఎక్కువ. చేపను నీటిలో నిలబెట్టే గాలితిత్తిమీద ఒత్తిడి పడడం ఓ కారణం. గోల్డ్‌ఫిష్‌కు మనలా జీర్ణాశయం ఉండదు, పొడవాటి పేగే ఉంటుంది. పైన తేలే ఎండు మేతను గాలితో సహా మింగితే ఇబ్బందే. రెండు మూడు రోజులు పస్తు పెట్టి, తర్వాత ఉడికించి తోలు తీసిన బఠాణీ గింజను చిన్న ముక్కలు చేసి వేయండి. ఆ పైన మునిగే రకం మేతను నానబెట్టి వేయడం అలవాటు చేసుకోండి. తలకిందులైంది కదా అని పారేయొద్దు. చాలా చేపలు కోలుకుంటాయి.

రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే: దగ్గరగా చూడండి. ఒంటిమీద కందిపప్పు బద్దలో సగమంత, పలచగా బిళ్లలా అతుక్కుని కదిలేది ఉంటే అది చేప పేను. దారప్పోగులా వేలాడుతుంటే లంగరు పురుగు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచే రైతులకు చేప పేను పాత శత్రువే. గట్టి వస్తువులమీద అది గుడ్లు పెడుతుంది. అందుకే చెరువుల్లో వెదురుబొంగులు పాతి, గుడ్లు అంటుకున్నాక తీసి ఎండబెట్టే పద్ధతి ఉంది. ఇంట్లో అయితే తడిగుడ్డలో చేపను పట్టుకుని చిన్న ట్వీజరుతో పేనును మెల్లగా తీసేయొచ్చు. చెరువుల్లో వాడే పురుగుమందులు మాత్రం ఇంట్లోకి తేవద్దు. ఈ పేను గుడ్లు నీటిమొక్కల కాడలకు అంటుకుని కూడా రావొచ్చు. కడియం నుంచి కలువ తెచ్చుకున్నా, స్నేహితుల ఇంటినుంచి నాచు తెచ్చుకున్నా విడిగా ఓ బకెట్లో కొన్ని వారాలు ఉంచాకే తొట్టెలో వేయాలి.

పొలుసులు నిక్కబొడుచుకుంటే: ఒళ్లంతా ఉబ్బి, పై నుంచి చూస్తే అనాసపండులా కనిపిస్తుంది. మూత్రపిండాలు పనిచేయక నీరు పట్టిందన్నమాట. అప్పటికే ఆలస్యమై ఉంటుంది. వేరుచేసి, మంచి నీళ్లలో ప్రశాంతంగా ఉంచడమే ముందు చేయాల్సింది. కోలుకునేవి కొన్నే. ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలి.

కల్లుప్పు కషాయం!

ఇక ఆస్పత్రి సంగతి. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. సబ్బు తగలనిదై ఉండాలి. క్లోరిన్ లేని నీళ్లు, ఓ ఎయిర్ పంపు, పైన ఓ వల. అంతే!

లీటరుకు మూడు గ్రాముల చొప్పున 20 లీటర్లకు 60 గ్రాముల కల్లుప్పు. ఒకేసారి గుమ్మరించకూడదు. 20 గ్రాముల చొప్పున వేరే గ్లాసులో కరిగించి, సగం రోజుకోసారి మూడు విడతలుగా కలపాలి. రోజూ సగం నీళ్లు మార్చాలి. ఉప్పు ఆవిరైపోదు. కాబట్టి పోసిన కొత్త నీళ్లకు సరిపడా ఉప్పే కలపాలి. పది లీటర్లు మారిస్తే 30 గ్రాములు. చేప మరీ ఇబ్బంది పడుతుంటే వెంటనే మామూలు నీళ్లు కలిపి ఉప్పు పలచన చేయండి. తెల్లమచ్చలకైతే రెండు వారాలు, రెక్కల కుళ్లుకైతే వారం పదిరోజులు.

ఉప్పు తెల్లమచ్చల పురుగు పిల్లల్ని చంపుతుంది. నైట్రైట్ విషం మొప్పల్లోకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. చేప ఒంట్లోని లవణాలు బయటికి పోకుండా కాస్త ఆసరా ఇస్తుంది. పెద్ద తొట్టెలో మాత్రం వేయొద్దు, మొక్కలు చచ్చిపోతాయి. తెల్లమచ్చలు వస్తే ఉన్న చేపలన్నిటినీ టబ్బులోకి మార్చండి. చేప లేని తొట్టెలో ఆ పురుగు బతకలేదు.

గొట్టం మాత్రలు వేయొద్దు

"మనిషికి పనిచేసింది చేపకు పనిచేయదా?" అని టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి నీళ్లలో కలిపేవాళ్లున్నారు. దానివల్ల ముందు చచ్చేది ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియా. పైగా చెడ్డ బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2016లో భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సీఫా) శాస్త్రవేత్తలు మన దేశంలోని ఫారాల్లో గోల్డ్‌ఫిష్‌లను చంపుతున్న ఓ హెర్పిస్ వైరస్‌ను గుర్తించారు. ఆ చేపల్లోనే, చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా కూడా కనిపించింది. ఆ వైరస్‌కు మందు లేదు. కొత్త చేపను కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, అప్పుడే పాతవాటితో కలపడం ఒక్కటే రక్ష.

పసుపు? నీళ్లలో కరగదు. రేణువులు మొప్పల్లో చేరితే ఊపిరాడని చేపకు మరీ కష్టం. మలకైట్ గ్రీన్ అనే పచ్చమందును పిల్లలకు అందనివ్వొద్దు, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే పశువైద్యులు చెప్పాలి. చేపలు చూసే డాక్టర్లు మన ఊళ్లలో తక్కువే. అయినా పశువైద్యశాలలో అడిగితే, మత్స్యశాఖవాళ్లను కదిపితే దారి చూపిస్తారు. చేప ఫొటో, చిన్న వీడియో, నీటిపరీక్ష వివరాలు పట్టుకెళ్లడం మరవొద్దు.

ఇంకో మాట. చేతికి గాయముంటే తొట్టెలో చెయ్యి పెట్టకండి. చేపలకు క్షయలాంటి జబ్బు తెచ్చే ఓ బ్యాక్టీరియా మన చర్మంమీద మానని పుండ్లు తెప్పించగలదు. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలకు ఇది మొదటి పాఠం కావాలి.

ఎండాకాలం గండం

గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప. 18 నుంచి 24 డిగ్రీలైతే దానికి హాయి. రాజమండ్రి ఎండల్లో ఇంట్లోని తొట్టెనీళ్లు కూడా 30 దాటుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేడి పెరిగేకొద్దీ అమోనియా విషం కూడా ఎక్కువవుతుంది. కిటికీ పక్క నుంచి తొట్టెను జరపండి. నీటి ఉపరితలంమీద ఫ్యాను గాలి తగిలేలా చూడండి. మేత తగ్గించండి. ఐసుముక్కలు వేయకండి, ఒక్కసారిగా మారే వేడి చేపకు మరో దెబ్బ. కాలువల్లో ఎర్రనీరు వచ్చే రోజుల్లో కుళాయిలో క్లోరిన్ వాసన ఘాటుగా ఉంటే బకెట్లో రెండు రోజులు నిల్వ ఉంచాకే పోయండి.

తొట్టె కొనేటప్పుడే ఒక్కో చేపకు కనీసం 40 లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికోసారి పావువంతు నీళ్లు మార్పు. ఇంతే గోల్డ్‌ఫిష్ ఆరోగ్య రహస్యం!

ఇక కోలుకోదని తెలిస్తే? బతికున్నదాన్ని లెట్రిన్లో వేయడం, గోదావరి కాలువలో వదిలేయడం దయ కాదు. దాని జబ్బు కాలువలోని చేపలకు, ఆ నీళ్లు తోడుకునే రైతు చెరువుకూ పాకుతుంది. బాధ లేకుండా సాగనంపే పద్ధతులున్నాయి, పశువైద్యుల్ని అడగండి. పోయాక పెరట్లోనో, కుండీలోనో పాతిపెట్టండి. పిల్లల ముందే చేయండి. దాచకండి.

మా ఇంట్లో ఏమైందంటారా? కడియం నుంచి రాగానే తొట్టెలో సగం నీలం నీళ్లు తీసేశాను. నిల్వ ఉంచిన నీళ్లు పోశాను. వారం రోజులు పొద్దున్నే అదే పని. నాలుగో రోజున చేప నీటి అంచు వదిలి కిందికి దిగింది. ఆరో రోజున రెక్కలు విప్పింది. ఎర్రచారలు తగ్గడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. తోక చివర కాస్త ఊడిపోయి, ఇప్పుడు గాజులాంటి కొత్త అంచు వస్తోంది.

ఈమధ్యే బాల్కనీ నీడలో వంద లీటర్ల టబ్బు పెట్టాం. అడుగున ఒండ్రుమట్టి, పైన గులకరాళ్లు, కడియం నుంచి తెచ్చి బకెట్లో నాలుగు వారాలు ఉంచిన కలువ, కాకులకు అందకుండా వల. ప్రతి ఆదివారం మా అమ్మాయి గోడమీద క్యాలెండరులో 'రెండున్నర బకెట్లు' అని రాసి టిక్కు పెడుతుంది. మొదటి ఆదివారం ఆ టబ్బు దగ్గర కూర్చున్నప్పుడు, పాత చేప చచ్చిపోయిన సంగతి, దాన్ని నేను ఎక్కడ పారేసిందీ, ఎందుకు దాచిందీ మొత్తం చెప్పాను. అంతా విని, "దానికి కూడా నీళ్లే బాలేదేమో కదమ్మా" అంది.

అవుననే చెప్పాను.